ఒక ఈతకు ఎన్ని పిల్లలు?

ఆదోని నుంచి కౌతాళం, కోసిగి మీదుగా మంత్రాలయం దాకా ఉన్న పల్లెల్లో తుంగభద్ర దిగువ కాలువ నీరు అందే పొలాలు కొన్నే. మిగతావి వాన పడితే పండే నేలలు. పత్తి, వేరుశనగ చేతికి రాని ఏడు జనం సుగ్గి పనులకని గుంటూరు వైపు మిరప చేలకు పోతారు. అలాంటి ఏడాదిలో ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చిపెట్టేది గొర్రెల మందే. అందుకే ఇక్కడి కాపరులు, ముఖ్యంగా తరతరాలుగా మందలను నమ్ముకున్న కురువ కుటుంబాలవారు, తమ ఆస్తిని ఈతల లెక్కన చూసుకుంటారు. చూలు కట్టిన గొర్రె సుమారు 150 రోజులు మోసి ఈనుతుంది. దక్కనీ, బళ్లారి రకాల గొర్రె మామూలుగా ఒక ఈతకు ఒక్క పిల్లనే వేస్తుంది. కవలలు అరుదు.

సుందరవనాల చిత్తడి నేలల్లో బతికే గారోల్ గొర్రె మన గొర్రెలో సగం బరువైనా తూగదు. అయినా అది ఒక ఈతకు రెండు పిల్లలు, ఒక్కోసారి మూడు కూడా వేస్తుంది. ఈ తేడా ఎక్కడ పుడుతోంది? పొట్టేలు వల్ల కాదు. గొర్రెల్లో కవలలు దాదాపు ఎప్పుడూ వేరువేరు అండాల నుంచే పుడతారు కాబట్టి, పిల్లల సంఖ్యకు పైహద్దు గొర్రె ఆ ఎదలో విడుదల చేసే అండాల సంఖ్యే. అయితే ఎన్ని అండాలు విడుదల కావాలన్నది అండం ఒంటరిగా తేల్చే విషయం కాదు. అండాన్ని చుట్టుకొని ఉండి, దానికి తిండి అందించి, సమయం వచ్చేదాకా ఆపి ఉంచి, చివరికి బయటికి పంపే కణాలు వేరే ఉన్నాయి. వాటిని గ్రాన్యులోజా కణాలంటారు. మన పాఠ్యపుస్తకాలు వాటికి ఒకటి రెండు వాక్యాలు కేటాయించి ముందుకు సాగిపోతాయి. పశుపోషణ మీద ఇంతగా ఆధారపడిన ప్రాంతంలో వాటి గురించి ఇంతకంటే ఎక్కువ తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం జరిగింది 1671లో. ఆ మరుసటి ఏడాదే, 1672లో, హాలెండ్‌లో రెనియే ద గ్రాఫ్ అనే యువ వైద్యుడు స్త్రీల పునరుత్పత్తి అవయవాల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. స్త్రీబీజకోశం మీద బుడగల్లా ఉబ్బి కనిపించే నీటి సంచులను అందులో వివరించాడు. వాటినే ఈనాడు గ్రాఫియన్ పుటికలంటున్నాం. ఆ సంచే అండమని అప్పట్లో చాలామంది అనుకున్నారు. సంచిలోపల, గోడకు అంటిన కణాల గుంపులో, మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ ఉండే అసలు అండాన్ని 1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ ఒక కుక్కలో చూశాడు. అంతటితో అందరి చూపూ అండం వైపు మళ్లింది. చుట్టూ ఉన్న కణాలు చాలాకాలం పొరగానే, పొట్టుగానే మిగిలిపోయాయి.

ఆ పొర ఎప్పుడు మొదలవుతుందో చూద్దాం. ఆడ గొర్రెపిల్ల తల్లి కడుపులో ఉండగానే దాని స్త్రీబీజకోశంలో జీవితానికి సరిపడా అండకణాలు ఏర్పడిపోతాయి. ఒక్కోదాని చుట్టూ చదునుగా ఉన్న కొన్ని కణాలు ఒకే వరసలో చేరతాయి. అండకణమూ ఈ ఒంటి వరసా కలిస్తే అదే ఆదిమ పుటిక. మనుషుల్లోనూ ఇంతే. గర్భస్థ ఆడశిశువులో ఐదో నెలకు 60, 70 లక్షల అండకణాలుంటాయి. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షలు, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి సుమారు 400. గేదెకు మొదటినుంచీ నిల్వ తక్కువ. ఆవులో లక్షకు పైగా ఆదిమ పుటికలుంటే, గేదెలో పదివేల నుంచి ఇరవై వేల మధ్యే ఉన్నట్టు పరిశోధనలు చూపాయి.

ఆదిమ పుటికలు నెలలూ ఏళ్లూ కదలకుండా ఉండిపోతాయి. రోజూ వాటిలో కొన్ని మాత్రం పెరగడం మొదలుపెడతాయి. చదునుగా ఉన్న కణాలు గుండ్రబడి, విభజన చెంది, రెండు మూడు వరసలవుతాయి. వాటి వెలుపల తీకా అనే మరో కణజాలం, దాంతోపాటు రక్తనాళాలు చేరతాయి. గ్రాన్యులోజా పొరలోకి మాత్రం రక్తనాళాలు రావు. లోపల ద్రవం ఊరి ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు గ్రాన్యులోజా కణాలు రెండు తెగలవుతాయి. గోడను అంటిపెట్టుకున్నవి ప్రధానంగా హార్మోన్లు తయారు చేస్తాయి. అండాన్ని గుత్తిలా చుట్టుకున్నవి క్యుములస్ కణాలు. గొర్రెలో ఆదిమ పుటిక మొదటి కదలిక నుంచి అండం విడుదల దాకా సుమారు ఆరు నెలలు పడుతుందని లెక్కగట్టారు. అంటే తొలకరి తర్వాత ఆషాఢంలో విడుదలయ్యే అండం పుష్యమాసం నాడే పెరగడం మొదలుపెట్టింది. మధ్యలో వచ్చిన ఎండాకాలాన్నంతా, పచ్చిక లేని చైత్ర వైశాఖాలను, అది ఈ కణాల నీడలోనే దాటింది. ఎదకు వచ్చిన వారం ఒక్కటే చూసి మంద ఆరోగ్యం అంచనా వేయకూడదని చెప్పడానికి నాకు ఇంతకంటే బలమైన కారణం కనబడదు.

రక్తం నేరుగా చేరని చోట ఉన్న అండానికి తిండి ఎలా అందుతుంది? అండం చుట్టూ జోనా పెల్లుసిడా అనే పారదర్శకమైన మందపాటి కవచం ఉంటుంది. క్యుములస్ కణాలు సన్నని తంతువులను ఆ కవచం గుండా చొప్పించి అండం పొరను తాకుతాయి. తాకిన చోట కనెక్సిన్ అనే ప్రోటీన్లతో కట్టిన అతి సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. అండానికీ కణాలకూ మధ్య కనెక్సిన్ 37, కణాలకూ కణాలకూ మధ్య ఎక్కువగా కనెక్సిన్ 43. ఈ దారిన చిన్న అణువులు నేరుగా ఒక కణం నుంచి ఇంకో కణంలోకి పోతాయి. అండం గ్లూకోజును తానుగా వాడుకోవడంలో బలహీనమైనది. గ్లూకోజును పైరువేట్‌గా మార్చి అందించే పని క్యుములస్ కణాలది. కొన్ని అమైనో ఆమ్లాలు, ఉదాహరణకు అలనిన్, వాటి ద్వారానే లోపలికి చేరతాయి. ఎలుక అండం తనకు కావలసిన కొలెస్టరాల్‌ను కూడా సొంతంగా తగినంత తయారు చేసుకోలేదు, అదీ చుట్టుపక్కల కణాల నుంచే రావాలి.

తిండి పెట్టడంతో వీటి పని అయిపోలేదు. అండాన్ని ఆపి ఉంచేవీ ఇవే. తల్లి కడుపులో ఉండగానే మొదలైన క్షయకరణ విభజన మధ్యలో ఆగిపోయి, అండం విడుదలకు కొద్ది గంటల ముందు దాకా అలాగే ఉంటుంది. మనిషిలో ఈ ఆగుదల నలభై ఏళ్లకు పైగా సాగవచ్చు. 1935లో పింకస్, ఎంజ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుందేలు అండాలను పుటికలోంచి తీసి గాజు పాత్రలో ఉంచారు. ఏ హార్మోనూ కలపకుండానే అవి విభజన కొనసాగించాయి. ఆపి ఉంచుతున్నది అండం కాదని, పుటికేనని దాంతో తేలింది. ఎలా ఆపుతోందన్నది తెలియడానికి మరో 75 ఏళ్లు పట్టింది. అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో జాన్ ఎపిగ్ బృందం 2010లో ఆ గుట్టు విప్పింది. గోడ వైపున్న గ్రాన్యులోజా కణాలు ఒక చిన్న పెప్టైడును విడుదల చేస్తాయి. క్యుములస్ కణాలు దాన్ని గ్రహించి సైక్లిక్ జి.ఎం.పి. అనే అణువును తయారుచేస్తాయి. ఇది సూక్ష్మరంధ్రాల గుండా అండంలోకి పోయి, అక్కడి సైక్లిక్ ఎ.ఎం.పి. కరిగిపోకుండా కాపాడుతుంది. సైక్లిక్ ఎ.ఎం.పి. మట్టం ఎక్కువగా ఉన్నంతకాలం అండం కదలదు. మెదడు కింది పీయూష గ్రంథి నుంచి ఎల్.హెచ్. హార్మోను ఉప్పెనలా వచ్చిన రోజున ఈ సరఫరా తెగిపోతుంది, అండం మేల్కొంటుంది.

ఎల్.హెచ్. వచ్చాక క్యుములస్ కణాలు ఇంకో పని చేస్తాయి. హైలురోనన్ అనే జిగట పదార్థాన్ని విస్తారంగా స్రవించి, ఒకదానికొకటి ఎడమై, అండం చుట్టూ పెద్ద మెత్తని గుత్తిగా విచ్చుకుంటాయి. ఈ జిగట గుత్తి ఉంటేనే అండవాహిక అంచున ఉన్న శైలికలు అండాన్ని పట్టి లోపలికి లాగగలవు. పొరలు ఊడిన ఒట్టి అండాన్ని అవి సరిగా పట్టలేవు. ప్రయోగశాలలో గేదె అండాలను ఎంపిక చేసే నిపుణులు సూక్ష్మదర్శిని కింద మొదట చూసేది ఈ గుత్తినే. చుట్టూ నిండుగా నాలుగైదు వరసలున్న వాటిని ఉంచుకొని, బోడిగా ఉన్నవాటిని పక్కనపెడతారు. ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో ఆబోతుల వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వచేసే ప్రభుత్వ కేంద్రం ఉంది. మేలుజాతి వీర్యం విలువ ఈ ప్రాంత రైతుకు బాగా తెలుసు. చూలు నిలవడానికి ఆ వీర్యం ఎంత ముఖ్యమో, అటువైపు అండాన్ని ఈ కణాలు ఎంత బాగా పెంచాయన్నదీ అంతే ముఖ్యం.

ఇదంతా చూసి అండాన్ని చేతులు ముడుచుకు కూర్చున్న బిడ్డగా ఊహించకూడదు. అది తన చుట్టూ ఉన్న కణాలకు ఆజ్ఞలు పంపుతుంది. 1996లో అమెరికాలో మార్టిన్ మాట్‌జుక్ బృందం, అండం స్రవించే జి.డి.ఎఫ్. 9 అనే ప్రోటీను లేని ఎలుకలను రూపొందించింది. వాటిలో గ్రాన్యులోజా కణాలు ఒక్క వరస దగ్గరే ఆగిపోయాయి, పుటికలు పెరగలేదు, ఎలుకలు గొడ్డుపోయాయి. దీనికి తోడైన మరో ప్రోటీను బి.ఎం.పి. 15. న్యూజిలాండులోని ఇన్వర్‌డేల్ గొర్రెల్లో దాని జన్యువు చెడిందని 2000లో తెలిసింది. అక్కడ విచిత్రమేమంటే, ఒక్క ప్రతి చెడిన గొర్రె ఎక్కువ పిల్లలు వేస్తుంది, రెండు ప్రతులూ చెడినది గొడ్డుపోతుంది. అండం మాట కాస్త తగ్గితే కణాలు తొందరపడతాయి, పూర్తిగా ఆగిపోతే అసలు ఎదగవు.

ఇక ఎన్ని అన్న ప్రశ్న. ఒక్కో చక్రంలో ఒక గుంపు పుటికలు కలిసి పెరుగుతాయి. వాటిని పెంచేది పీయూష గ్రంథి నుంచి వచ్చే ఎఫ్.ఎస్.హెచ్. హార్మోను. తీకా కణాలు ఎల్.హెచ్. ప్రభావంతో ఆండ్రోజన్లు తయారుచేస్తే, గ్రాన్యులోజా కణాలు ఎఫ్.ఎస్.హెచ్. ప్రభావంతో వాటిని ఈస్ట్రోజన్‌గా మారుస్తాయి. ఆ ఒక్క హార్మోను తయారీని రెండు రకాల కణాలు పంచుకున్నాయన్నమాట. గొర్రె ఎదకు రావడం, పొట్టేలును దగ్గరకు రానివ్వడం ఈ ఈస్ట్రోజన్ వల్లే. ఈస్ట్రోజన్, దాంతోపాటు ఇన్‌హిబిన్ అనే మరో హార్మోను రక్తంలో పెరిగేకొద్దీ పీయూష గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్. విడుదలను తగ్గిస్తుంది. అందరికీ అన్నం పెట్టే చెయ్యి వెనక్కి పోతుంది. అప్పటికే గ్రాన్యులోజా కణాల మీద ఎల్.హెచ్. గ్రాహకాలు మొలిపించుకున్న పుటిక ఒకటి ఉంటే అది ఎల్.హెచ్. ఆసరాతో బతుకుతుంది. మిగిలినవి వాడిపోతాయి. వాడిపోయే పుటికలో మొదట చచ్చేవి కూడా గ్రాన్యులోజా కణాలే. అండం ఆ తర్వాత పోతుంది. పెరగడం మొదలుపెట్టిన పుటికల్లో నూటికి తొంభై తొమ్మిది ఇలా మధ్యలోనే రాలిపోతాయి.

అంటే ఏ పుటికలో గ్రాన్యులోజా కణాలు ఎంత త్వరగా ఎల్.హెచ్.కు సిద్ధమవుతాయన్న దాని మీదే సంఖ్య ఆధారపడి ఉంది. దీన్ని చక్కగా రుజువు చేసిన గొర్రెలు ఆస్ట్రేలియాలో దొరికాయి. న్యూ సౌత్ వేల్స్‌లోని కూమా దగ్గర బూరూలా అనే క్షేత్రంలో సియర్స్ సోదరుల మెరినో మంద ఉండేది. ఆ మందలో ఒకే ఈతకు నాలుగైదు పిల్లలు వేసే గొర్రెలుండేవి. 1950ల చివర్లో అక్కడి జాతీయ పరిశోధన సంస్థ కొన్ని జీవాలను సేకరించి అధ్యయనం మొదలుపెట్టింది. ఈ గుణానికి మూలం ఒకే ఒక్క జన్యువని 1980ల ఆరంభంలో గుర్తించారు. ఒక ప్రతి ఉంటే విడుదలయ్యే అండాలకు సుమారు ఒకటిన్నర, రెండు ప్రతులుంటే సుమారు మూడు అదనంగా చేరతాయి. 2001లో మూడు పరిశోధన బృందాలు, దేనికది విడిగా, ఆ జన్యువును పట్టుకున్నాయి. అది గ్రాన్యులోజా కణాల మీద ఉండే ఒక గ్రాహకం, పేరు బి.ఎం.పి.ఆర్. 1బి. దాని ప్రోటీను గొలుసులో 249వ స్థానంలో గ్లూటమిన్ బదులు ఆర్జినిన్ చేరింది. ఇంత పెద్ద ఫలితానికి కారణం ఆ ఒక్క అక్షరం మార్పే.

దాని ఫలితం కంటికి కనిపించేంత స్పష్టం. మామూలు గొర్రెలో పుటిక 5 మిల్లీమీటర్లు దాటాకగానీ దాని గ్రాన్యులోజా కణాలు ఎల్.హెచ్.కు స్పందించవు. బూరూలా గొర్రెలో 3 నుంచి 4.5 మిల్లీమీటర్ల దగ్గరే స్పందిస్తాయి. ఈ గ్రాహకం మామూలుగా కణాలను ఎదగనివ్వకుండా కొంతకాలం పట్టి ఉంచే సంకేతాలను అందుకుంటుంది. మార్పు వచ్చాక ఆ పట్టు సడలి, కణాలు ముందుగానే పరిణతి చెందుతున్నాయి. చిన్న పుటికలో కణాలు తక్కువ కాబట్టి ఈస్ట్రోజన్, ఇన్‌హిబిన్ కూడా తక్కువే. పీయూష గ్రంథిని వెనక్కి తగ్గించడానికి ఒక పుటిక చాలదు, మూడో నాలుగో కావాలి. అవన్నీ కలిసి పండుతాయి. అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసిన విషయం ఇంకొకటుంది. బూరూలా గొర్రెలో పండిన నాలుగైదు చిన్న పుటికల గ్రాన్యులోజా కణాలన్నీ కూడితే, మామూలు గొర్రెలో ఒకటి రెండు పెద్ద పుటికల్లో ఉన్నన్నే ఉన్నాయి. ఉన్న జొన్నపిండితోనే రెండు పెద్ద రొట్టెలకు బదులు ఐదు చిన్న రొట్టెలు తట్టినట్టు, శరీరం ఉన్న కణాలనే ఎక్కువ అండాలకు పంచింది.

ఈ జన్యువు మెరినోలోకి ఎక్కడినుంచి వచ్చింది? 18వ శతాబ్దం చివర్లో కలకత్తా నుంచి ఓడల్లో బెంగాల్ గొర్రెలు ఆస్ట్రేలియా చేరాయి. 2002లో గారోల్ గొర్రెల రక్తం పరీక్షిస్తే అదే జన్యువు, అదే మార్పు కనిపించింది. ఒడిశాలోని కేంద్రపడ గొర్రెల్లోనూ ఆ తర్వాత కనిపించింది. తూర్పుతీరంలో పుట్టిన గుణం సముద్రాలు దాటి పేరు తెచ్చుకుంది. దక్కను పీఠభూమి గొర్రెకు మాత్రం అది అందలేదు.

అందించే ప్రయత్నం మహారాష్ట్ర సతారా జిల్లా ఫల్టణ్‌లో జరిగింది. అక్కడి నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ 1990ల్లో గారోల్ పొట్టేళ్లను తెచ్చి దక్కనీ గొర్రెలతో సంకరం చేసింది. తర్వాతి తరాల్లో గారోల్ రూపాన్ని, చిన్న పరిమాణాన్ని వదిలించి, జన్యువును మాత్రం నిలుపుతూ వచ్చింది. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల రక్తనమూనాలో జన్యువును గుర్తించే పరీక్షకు తోడ్పడింది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలూ పాలుపంచుకున్నారు. అలా ఏర్పడిన గొర్రెకు నారి సువర్ణ అని పేరు పెట్టారు. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో కేంద్ర గొర్రెల పరిశోధన సంస్థ ఇదే జన్యువుతో అవిషాన్ అనే రకాన్ని రూపొందించింది. ఫల్టణ్ చుట్టుపక్కల కాపరుల మందల్లో జన్యువు ఒక ప్రతి ఉన్న గొర్రెలు చాలా ఈతల్లో రెండేసి పిల్లలను వేస్తున్నాయి. ఆ గొర్రెలూ మనవిలాగే దక్కనీవి. నేలా, ఎండా, సంచార పద్ధతీ ఇంచుమించు ఇక్కడివే.

అయినా దీన్ని కౌతాళం, హొళగుంద మందల్లోకి కళ్లు మూసుకొని తీసుకురావాలని నేను అనను. అండాన్ని పెంచిన కణాలు అండం బయటికి పోయిన తర్వాత రూపం మార్చుకొని కార్పస్ లూటియం అనే పచ్చటి ముద్దగా మారతాయి. చూలును నిలిపే ప్రొజెస్టెరాన్ అక్కడే తయారవుతుంది. మేకకు ఈనేదాకా ఆ ముద్ద అవసరం, గొర్రెలో సుమారు రెండు నెలల తర్వాత మాయ ఆ పనిని అందుకుంటుంది. ఆ తర్వాత భారమంతా తల్లి ఒంటి మీదే. ఇద్దరిని మోసే గొర్రెకు చివరి ఆరు వారాల్లో తిండి చాలకపోతే రక్తంలో గ్లూకోజు పడిపోయి నీరసించి పడిపోతుంది, ఒక్కోసారి చనిపోతుంది. పుట్టిన కవలలు తేలిగ్గా ఉంటారు, పాలు ఇద్దరికీ చాలవు. జన్యువు రెండు ప్రతులున్న గొర్రె మూడు నాలుగు పిల్లలు వేసి ఏ ఒక్కటినీ బతికించుకోలేని స్థితికి రావచ్చు. వర్షం తప్పిన ఏడు మేతకోసం మందను దూరాలు తోలే కాపరికి ఇది చిన్న ప్రమాదం కాదు.

జన్యువు లేకున్నా చేయగలిగింది ఉంది. గ్రాన్యులోజా కణాలు ఎఫ్.ఎస్.హెచ్.తోపాటు ఇన్సులిన్‌ను, గ్లూకోజును, ఇన్సులిన్ వంటి ఇతర పెరుగుదల కారకాలను కూడా గమనిస్తుంటాయి. పొట్టేలును కలపడానికి రెండు మూడు వారాల ముందు గొర్రెకు మంచి మేత, కాస్త దాణా పెడితే వాడిపోవాల్సిన పుటికల్లో కొన్ని నిలబడతాయి. పొట్టేళ్లను కొన్ని వారాలు మందకు దూరంగా కట్టేసి, ఆ తర్వాత ఒక్కసారిగా వదిలితే ఎల్.హెచ్. విడుదల వేగం పెరిగి చాలా గొర్రెలు దగ్గర దగ్గరగా ఎదకు వస్తాయి. వేసవి కరువులో చిక్కిపోయిన గొర్రెలకు తొలకరి పచ్చిక మొదటిసారి నోటికి అందే వారాలే దీనికి అనువు. పత్తి చెక్క ఆదోనిలో దొరికేదే. కొన్నివారాలు కొద్దికొద్దిగా పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.

జన్యువు కావాలనుకునే మందకు లెక్క ఇలా ఉంటుంది. రెండు ప్రతులున్న పొట్టేలును మామూలు గొర్రెలకు కలిపితే పుట్టిన ప్రతి ఆడపిల్లకూ సరిగ్గా ఒక్క ప్రతి వస్తుంది. ఒక్క ప్రతి అంటే చాలా ఈతల్లో రెండు పిల్లలు, కరువు ప్రాంతంలో పెంచగలిగే సంఖ్య అదే. ఆ ఆడపిల్లలను మళ్లీ జన్యువున్న పొట్టేలుకు కలపకూడదు, మామూలు పొట్టేలుకే కలపాలి. అప్పుడు వాటి పిల్లల్లో సగానికి జన్యువు వస్తుంది, సగానికి రాదు. ఏ పిల్లకు వచ్చిందో చూడటానికి మొదటి ఈత దాకా ఆగనక్కర్లేదు. కొద్దిపాటి రక్తం చాలు, పాలు తాగే వయసులోనే పరీక్ష చేయవచ్చు. ప్రతి పొట్టేలుకూ, ఉంచుకునే ప్రతి ఆడపిల్లకూ ఆ పరీక్ష జరిపించి చెవిపోగు వేసి రాసిపెట్టే ఏర్పాటు ఆదోని, ఎమ్మిగనూరు పశువైద్యశాలల్లో ముందు ఏర్పడాలి. చూలు గొర్రెకు చివరి ఆరు వారాల దాణా ఎక్కడి నుంచి వస్తుందో కాపరితో కూర్చుని తేల్చుకోవాలి. పొట్టేలును మందలోకి వదలడం ఆ తర్వాతి మాట.